‘ఇలా ఇవ్వండి’ మాస్టారు

కాకినాడ జగన్నాథపురంలో విక్టర్ బాబు అనే ఎలక్ట్రిక్ గిటారు మాస్టారు ఉండేవాడు. శిష్యుల చేతిలో గిటారు కనిపిస్తే చాలు, లాక్కుని తనే వాయించేసేవాడు.

వాయించడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో మొదలుపెట్టి, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో రాటుదేలినవాడు. ఆయన వేళ్లు తీగల మీద పరుగెడుతుంటే చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. చిక్కల్లా నేర్పే దగ్గరే వచ్చేది. శిష్యుడు పాఠం మొదలుపెట్టి నాలుగుసార్లు తీగ మీటాడో లేదో, మాస్టారి చేతులు దురద పెట్టేవి. "అలా కాదండి. ఇలా ఇవ్వండి, చూపిస్తాను" అని గిటారు తీసుకునేవాడు. తీసుకున్నాక ఇంక ఈ లోకంలో ఉండేవాడు కాదు. కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, కింది పెదవి కొరుక్కుంటూ ముప్పావుగంట వాయించేవాడు. గంట పూర్తయ్యాక కళ్లు తెరిచి, "అర్థమైందా?" అనేవాడు. శిష్యులు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయేవారు.

వాళ్లు ఆయనకు చాటుగా ‘ఇలా ఇవ్వండి మాస్టారు’ అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి ఒక తల్లి తన కూతుర్ని, "ఆరు నెలల్లో ఏం నేర్చుకున్నావే?" అని అడిగింది. "గిటారు కింద పడకుండా మాస్టారికి అందించడం వచ్చిందమ్మా" అంది ఆ పిల్ల. అబద్ధమేమీ చెప్పలేదు పాపం.

విక్టర్ బాబు పాఠాలు చెప్పేది కామాక్షమ్మ గారి సంగీత పాఠశాలలో. కామాక్షమ్మ గారు వీణ నేర్పేవారు. కింద వీణ, వయొలిన్. మేడ మీద గదిలో విక్టర్ బాబు, ఆయన గిటారు, ఆయన స్పీకరు పెట్టె. పదకొండేళ్లుగా ఆ గది ఆయనదే. ఆ గది వల్లే వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా అందరూ ఆయన్ని "మాస్టారూ" అని పిలిచేవారు. ఆ పిలుపంటే విక్టర్ బాబుకు ప్రాణం. ఎవరైనా వట్టి "విక్టర్" అంటే వినపడనట్టు ముందుకు నడిచిపోయేవాడు.

ఒక వేసవిలో కామాక్షమ్మ గారు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టారు.

"ఏమయ్యా విక్టరూ, ఈమధ్య తల్లిదండ్రులు తెలివి మీరారు. పాఠం చెప్పేవాళ్లకు అర్హత ఏముందని అడుగుతున్నారు. నాకు డిప్లొమా ఉంది. వయొలిన్ మాస్టారికీ ఉంది. నీ దగ్గర ఏముంది?"

"నా వేళ్లున్నాయండి."

"వేళ్లు అందరికీ ఉన్నాయి. విశాఖపట్నంలో గిటారు నేర్పేవాళ్లకు డిప్లొమా పరీక్ష పెడుతున్నారట. వెళ్లి రాసిరా. దసరాలోగా ఆ కాగితం తెచ్చావా, గది నీదే. తేలేదా, కీబోర్డు నేర్పే అమ్మాయికి ఇచ్చేస్తాను. ఆ అమ్మాయికి డిప్లొమా ఉంది."

విక్టర్ బాబుకు ఒళ్లు మండింది. అంత పెద్దావిడ మీద నోరు చేసుకోలేక, "అలాగేనండి" అని బయటికొచ్చాడు. గది పోతే మాస్టారు పోతాడు. పాటగాడి వెనకాల చీకట్లో నిలబడి, భోజనాల వేళ దాకా తీగలు లాగే ఆర్కెస్ట్రా విక్టర్ ఒక్కడే మిగులుతాడు. అది తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగలేదు.

అయినా ధైర్యం తెచ్చుకున్నాడు. గిటారు పరీక్షే కదా! తనను మించి వాయించేవాడు గోదావరికి ఇటు పక్కనా లేడు, అటు పక్కనా లేడు. పరీక్ష వాళ్లు నలభై పేజీల సూచనల పుస్తకం పంపారు. అందులో మొదటి మూడు పేజీల్లో వాయించాల్సినవి ఉన్నాయి. అవి చదివాడు. మిగతా ముప్పై ఏడు పేజీలను స్పీకరు పెట్టె కదలకుండా కిందపెట్టడానికి వాడుకున్నాడు. రెండు నెలలు శిష్యులను ఎదురుగా కూర్చోబెట్టుకుని తన సాధన తను చేసుకున్నాడు. వాళ్లకు పెద్ద తేడా తెలియలేదు.

జూన్‌లో విశాఖపట్నం రైలెక్కాడు. పరీక్ష చేసే ఆవిడ పేరు హైమవతి గారు. సన్నగా, పొట్టిగా ఉంటారు. మెడలో తాడుకు రెండు స్టాప్‌వాచీలు వేలాడుతుంటాయి. ఒకటి సరిపోదా, రెండెందుకని విక్టర్ బాబు మనసులో నవ్వుకున్నాడు.

మొదటి భాగం వాయించడం. విక్టర్ బాబు విజృంభించాడు. కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. పక్క గదిలో తబలా పరీక్ష ఆపేశారు. హైమవతి గారు "చాలా బాగుంది" అని నిజంగానే మెచ్చుకుని, నలభైకి నలభై వేశారు.

రెండో భాగం రాతపరీక్ష. మొదటి ప్రశ్న: శిష్యుడికి వేళ్లు నొప్పి పుట్టి మానేస్తానంటే ఏం చేస్తారు? ‘నేను వాయించి చూపిస్తాను’ అని రాశాడు. రెండో ప్రశ్న: శిష్యుడికి తాళం కుదరకపోతే? ‘నేను వాయించి చూపిస్తాను.’ మూడో ప్రశ్న: శిష్యుడికి చెవి సరిగా వినపడదని తెలిస్తే? విక్టర్ బాబు కాసేపు ఆలోచించాడు. ‘గట్టిగా వాయించి చూపిస్తాను’ అని రాశాడు.

మూడో భాగానికి హైమవతి గారు లోపలికి ఒకావిణ్ణి పిలిచారు. ఆవిడ పేరు పైడితల్లి. ఆ భవనం కింద టీ కాచి అమ్ముతుంది. యాభై ఏళ్లుంటాయి. జీవితంలో గిటారు ముట్టుకున్న మనిషి కాదు.

"విక్టర్ బాబు గారూ, ఈవిడే మీ కొత్త శిష్యురాలు. పాతిక నిమిషాల్లో ఏదో ఒకటి నేర్పండి. ఎంత చిన్నదైనా సరే" అన్నారు హైమవతి గారు.

పైడితల్లి చీర చెంగుతో చేతులు తుడుచుకుని, గిటారును పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. మొహం వెలిగిపోయింది. వేలితో ఒక తీగ లాగింది. ‘టంగ్’ మంది.

"అలా కాదు. ఇలా ఇవ్వు, చూపిస్తాను" అన్నాడు విక్టర్ బాబు.

తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆయన కళ్లు మూసుకున్నాడు. మెడ వాల్చాడు. పెదవి కొరికాడు. హైమవతి గారు ఒక వాచీ ఆపి రెండో వాచీ నొక్కారు. గంట మోగాక విక్టర్ బాబు కళ్లు తెరిచి, గర్వంగా, "అర్థమైందా?" అన్నాడు. హైమవతి గారు పైడితల్లి వైపు తిరిగారు.

"ఏం నేర్చుకున్నావమ్మా?"

"నానేటి నేర్సుకున్నానమ్మా? ఈ బాబు బాగా వాయిస్తారని తెలుసుకున్నాను" అంది పైడితల్లి. పాపం, మెచ్చుకోలుగానే అంది.

హైమవతి గారు రెండు వాచీలూ విక్టర్ బాబు ముందు పెట్టారు. "ఇది గిటారు శిష్యురాలి చేతిలో ఉన్న సమయం. రెండు నిమిషాలు. ఇది మీ చేతిలో ఉన్న సమయం. ఇరవై మూడు నిమిషాలు. పాఠం జరిగినంతసేపూ వాయిద్యం శిష్యుడి చేతిలో ఉండాలని ఇరవై ఏడో పేజీలో రాశాం. చదవలేదా?"

ఆ పేజీ కాకినాడలో స్పీకరు పెట్టె కింద ఉందని విక్టర్ బాబు ఎలా చెబుతాడు? వైర్లు చుట్టుకున్నాడు. బోధనలో నలభైకి మూడు మార్కులు వచ్చాయి. ఆ మూడూ సమయానికి వచ్చినందుకట. సెప్టెంబరులో ఇంకొక్క అవకాశం ఉందన్నారు.

కాకినాడ వచ్చాక ఆయన రెండు రోజులు చిందులు తొక్కాడు. అదొక పరీక్షా, ఆవిడొక పరీక్షకురాలా అన్నాడు. మూడో రోజు పాఠానికి నూకరాజు వచ్చాడు. నూకరాజుకు టైర్ల షాపు ఉంది. నలభై ఏళ్ల వయసులో ముచ్చటపడి గిటారు కొనుక్కుని, పదకొండు నెలలుగా ఒక్క రోజు మానకుండా పాఠానికి వస్తున్నాడు. విక్టర్ బాబు తన గోడంతా ఆయనకు చెప్పుకున్నాడు.

"చూశారా నూకరాజు గారూ! గిటారు శిష్యుడి చేతిలో ఎంతసేపుందని వాచీ పెట్టి చూస్తారటండి! ఇలాంటి అన్యాయం ఎక్కడైనా ఉందా?"

నూకరాజు నేల చూపులు చూశాడు.

"మాస్టారూ, మీరు ఏవనుకోకండి. పదకొండు నెలల్నించి వస్తన్నానండి. ఈ గిటారు నా చేతిలో ఉండేది మేడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడేనండి."

"మరి నాతో ఎప్పుడూ అనలేదేం?"

"మీరు అంత బాగా వాయిస్తా ఉంటే అడ్డం రావడవెందుకని ఊరుకున్నానండి. ఇంటి దగ్గర మా ఆవిడ మటుకు, ఒక్క పాట వాయించండి చూద్దాం అని రోజూ అడుగుద్దండి. తీగ తెగిందని చెప్తానండి. పదకొండు నెలల్నించీ తీగ తెగే ఉందండి."

విక్టర్ బాబుకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఇంట్లో పదకొండు నెలలుగా తలవంపులు పడుతున్నాడు. పదకొండు నెలలుగా ఆ సంగతి తనకు తెలియనే తెలియదు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవాళ గిటారు మీ దగ్గరే ఉంటుంది. వాయించండి" అన్నాడు.

అనడం తేలికే. నూకరాజు తీగ మీటగానే మాస్టారి చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. వాటిని వెనక్కి తెచ్చి జేబుల్లో పెట్టుకున్నాడు. అరనిమిషంలో జేబుల్లోంచి బయటికొచ్చాయి. తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మనిషే లేచి నిలబడ్డాడు. చివరికి ఆయనకే ఒక ఉపాయం తోచింది. ఎదురు కొట్టు నుంచి రెండు గ్లాసుల టీ తెప్పించాడు. అంచు దాకా నింపించి, చేతికొకటి పట్టుకున్నాడు. గిటారు మీదికి వెళ్లాలంటే ముందు టీ ఒలకాలి. ఒలికితే కొత్త ప్యాంటు పాడవుతుంది. ఆ ప్యాంటంటే ఆయనకు చాలా ఇష్టం.

అలా చేతులు కట్టేసినట్టయ్యాక, పదకొండేళ్లలో మొదటిసారి విక్టర్ బాబు ఒక శిష్యుడు వాయిస్తుంటే విన్నాడు. వినడమే కాదు, చూశాడు కూడా. నూకరాజు ఏదో బ్యాండువాణ్ణి చూసి గిటారు పట్టీని మోకాళ్ల దాకా వదిలేశాడు. అందువల్ల మణికట్టు మెలితిరిగిపోయి, వేళ్లు తీగలను సరిగా నొక్కలేకపోతున్నాయి. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్టుకు కాస్త వెనకాల పెట్టాల్సిన వేలు సరిగ్గా ఆ ఇనప మెట్టు నెత్తిన పెడుతున్నాడు. అందుకే ప్రతి తీగా జీరగా ఏడుస్తోంది.

"నూకరాజు గారూ, పట్టీ ఒక జానెడు పైకి లాగండి. ఆ... ఇప్పుడు వేలు కొంచెం వెనక్కి. ఇంకొంచెం. ఇప్పుడు మీటండి."

తీగ ఖంగుమని మోగింది. నూకరాజు ఉలిక్కిపడి గిటారు వైపు చూశాడు. తరవాత మాస్టారి వైపు చూశాడు.

"ఇది నేనేనాండి?"

"మీరేనండి. నా చేతిలో టీ ఉంది కదండి" అన్నాడు విక్టర్ బాబు.

పాఠం అయ్యాక కింద కామాక్షమ్మ గారు ఎదురయ్యారు. "ఏమయ్యా, ఇవాళ నువ్వు రాలేదా? మేడ మీద ఎవరో గిటారు నేర్చుకుంటున్న చప్పుడు వినిపించింది!" అన్నారు.

అప్పట్నుంచి మాస్టారు ప్రతి పాఠానికీ రెండు గ్లాసులు పట్టుకుని కూర్చునేవాడు. మొదటి నెల చాలా టీ ఒలికింది. రెండో నెల కొంచెం ఒలికింది. మూడో నెల ఖాళీ గ్లాసులు పట్టుకున్నా సరిపోయేది. స్పీకరు పెట్టె కింది పుస్తకం బయటికి లాగి, నలభై పేజీలూ రెండుసార్లు చదివాడు. నూకరాజు ఒకరోజు ఇంట్లో ‘తెగిన తీగ’ అతికిందని చెప్పి, భార్య ముందు ఒక చిన్న పాట తప్పుల్లేకుండా వాయించాడు. ఆవిడ మర్నాడు మాస్టారికి పెద్ద గిన్నెడు పులిహోర పంపింది. గిటారు నేర్పినందుకు ఇంటి నుంచి తినడానికేమైనా రావడం ఆయనకు అదే మొదలు.

సెప్టెంబరు వచ్చింది. విక్టర్ బాబు మళ్లీ హైమవతి గారి ముందు నిలబడ్డాడు. గ్లాసులు లోపలికి తేకూడదన్నారు. తీరా చూస్తే లోపల పైడితల్లి కూర్చుని ఉంది.

"మేడమ్, పరీక్షకు కొత్త శిష్యురాలు కావాలి కదండీ? ఈవిడ మొన్న జూన్‌లో నా దగ్గరే నేర్చుకుంది" అన్నాడు విక్టర్ బాబు.

"మీ దగ్గరే కదా నేర్చుకుంది. ఇంకా కొత్తదే" అన్నారు హైమవతి గారు, వాచీ నొక్కుతూ.

విక్టర్ బాబు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మందలించినట్టు కాకుండా, మర్యాదగా అడిగాడు.

"అమ్మా, పని చేసుకునేటప్పుడు మీరు ఏదైనా కూనిరాగం తీస్తారా?"

పైడితల్లి సిగ్గుపడింది. తరవాత ఏదో చిన్న రాగం సన్నగా తీసింది. వాళ్లమ్మ ఊయల ఊపుతూ తీసేదట. పాట మాటలు మరిచిపోయింది, రాగం ఒక్కటే మిగిలింది. విక్టర్ బాబు కళ్లు మూసుకోకుండా విన్నాడు. ఆ రాగమంతా నాలుగు స్వరాలే. నాలుగూ ఒక్క తీగ మీద దొరుకుతాయి.

"అదే వాయిద్దాం. ఈ మొదటి తీగ ఒక్కటే మనది. మిగతావాటి జోలికి వెళ్లొద్దు. మూడో మెట్టుకు కాస్త వెనకాల వేలు పెట్టండి."

పైడితల్లి వేలు పెట్టింది. జీరగా మోగింది. మళ్లీ పెట్టింది. పక్క తీగ మోగింది. మూడోసారి ఏదీ మోగలేదు. పది నిమిషాలు గడిచాయి. పైడితల్లి వేలి కొన మీద గీత పడింది. నుదుట చెమట పట్టింది. ఆవిడకు విసుగొచ్చి, గిటారు ఎత్తి విక్టర్ బాబు చేతుల దగ్గరికి తెచ్చేసింది.

"నా వల్ల కాదు బాబూ. మీరే వాయించీండి. ఆనాటి లాగ ఇంటాను."

పరీక్ష అంటే ఇదీ! అడక్కుండానే గిటారు చేతి దగ్గరికి వచ్చింది. ఒక్క పది క్షణాలు వాయిస్తే ఆ రాగం గదంతా నిండిపోతుంది. పైడితల్లి సంతోషిస్తుంది. వేళ్లు పదీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. హైమవతి గారి బొటనవేలు రెండో వాచీ మీదికి వెళ్లింది. మేడ మీద గది, ‘మాస్టారూ’ అనే పిలుపు, అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి.

విక్టర్ బాబు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను వాయిస్తే అది నా పాటవుతుందమ్మా. అది మీ అమ్మగారి పాట, మీ చేతులతోనే రావాలి. మీరు రోజూ మరిగే టీ గిన్నె ఎలా పట్టుకుంటారు?"

"మసిగుడ్డతోటి, గట్టిగా. నేకపోతే ఒలికిపోదా?"

"గిటారు మెడ కూడా అంత గట్టిగానే పట్టుకోండి. కాలదు. భయం లేదు."

పైడితల్లి నవ్వింది. గిటారు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. గట్టిగా పట్టుకుని, వేలు పెట్టి, మీటింది. తీగ ఖంగుమంది. రెండో స్వరం వచ్చింది. మూడోది తప్పింది. విక్టర్ బాబు పళ్ల బిగువున ఊరుకున్నాడు. ఆవిడే వెనక్కి వెళ్లి, మూడోది దిద్దుకుని, నాలుగోది పట్టుకుంది. ఊయల రాగం కుంటుతూ కుంటుతూ స్పీకరు పెట్టెలోంచి బయటికొచ్చింది.

పైడితల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నో ఏళ్ల కిందట పోయిన వాళ్లమ్మ గొంతు కరెంటు పెట్టెలోంచి వినబడితే ఎవరికైనా తిరుగుతాయి. విక్టర్ బాబు కళ్లు కూడా చెమర్చాయి. పెళ్లిళ్లలో వందల మంది కొట్టిన చప్పట్లు ఆయనకు ఇంత తృప్తినివ్వలేదు.

గంట మోగింది. "సమయం అయిపోయింది. గిటారు ఇచ్చెయ్యమ్మా" అన్నారు హైమవతి గారు.

"ఉండండమ్మా, ఇంకోపాలి" అంది పైడితల్లి, గిటారును గట్టిగా పొదివి పట్టుకుని. ఒకసారి కాదు, నాలుగుసార్లు వాయించింది. హైమవతి గారు ఓపిగ్గా ఆగి, అప్పుడు అడిగారు.

"బాగుందమ్మా. ఇంతకీ నీకు ఇది ఎవరు నేర్పారు?"

పైడితల్లి ఆశ్చర్యంగా చూసింది. "ఎవులు నేర్పినారమ్మా? ఈ బాబు అసలు గిటారే ముట్టుకోనేదు. సేతులెనక్కి ఎట్టుకుని నిలబడిపోనారు. నాకే వొచ్చీసింది!"

విక్టర్ బాబు అంతా అయిపోయిందనుకున్నాడు. గది పోయింది, పిలుపు పోయింది, ఆర్కెస్ట్రానే గతి అనుకున్నాడు. హైమవతి గారు మాత్రం కలం తీసి, బోధన మార్కుల గడిలో నలభైకి ముప్పై తొమ్మిది వేశారు.

"ఆవిడ నేను నేర్పలేదంటోంది కదండీ!" అన్నాడు విక్టర్ బాబు నోరు వెళ్లబెట్టి.

"ఆ మాట అనిపించడానికే కదండీ మాస్టారూ, ఈ పరీక్ష పెట్టేది" అన్నారు హైమవతి గారు. "ఆ పోయిన ఒక్క మార్కూ పళ్లు మరీ గట్టిగా కొరికినందుకు. ఇక్కడికి వినిపించింది."

దసరాకు మేడ మీద గది విక్టర్ బాబుదిగానే ఉంది.

పిల్లలూ, తన విద్య చూపించుకునేవాడికి చప్పట్లు దక్కుతాయి, అంతవరకే; పని శిష్యుడి చేతికి వదిలి, వాడు తప్పులు చేస్తున్నా ఓర్చుకుని, చివరికి "ఇది నాకే వచ్చింది" అని వాడి చేత అనిపించగలిగినవాడే నిజమైన గురువు.